ఆరాలక్క లెక్క

మా హాస్టల్ గుమ్మం దాటి లోపలికి రావాలంటే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎక్కడికెళ్లావు, ఎవరితో వెళ్లావు, ఎందుకింత సేపయింది. అడిగేది మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే నలభై ఏడేళ్ల మనిషి. కాలేజీ కాగితాల్లో ఆమె ఉద్యోగం పేరు కేర్‌టేకర్. మేము పెట్టుకున్న పేరు ఆరాలక్క. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. ఎవరు పెట్టారో ఆరా కూడా తీసింది గానీ తేలలేదు.

బయటికెళ్లి వచ్చిన అమ్మాయి గొడుగు అంచును వేళ్లతో నలిపి చూసేది. "అక్కడ కుండపోత అన్నావు. ఆ సంగతి గొడుగుకి తెలిసినట్టు లేదే" అనేది. లైబ్రరీ నుంచి వస్తున్నానంటే పుస్తకం వెనక ముద్ర మీది తేదీ చూసేది. రిజిస్టరులో వరసగా నాలుగు సంతకాలు ఒకే పెన్నుతో ఉంటే నలుగురినీ పిలిపించి మళ్లీ పెట్టించేది. ఎవరికైనా జ్వరమంటే థర్మామీటరు తన చేత్తోనే పెట్టేది. అది నిజమని తేలాక మాత్రం తగ్గేదాకా ఆ మంచం దగ్గర నుంచి కదిలేది కాదు.

ఇక్కడికి రాకముందు ఆమె పదకొండేళ్లు బస్సు కండక్టరు. మోకాలు అరిగిపోయి నిలబడే ఉద్యోగం మానుకుని ఈ కూర్చునే ఉద్యోగానికి వచ్చింది. అయినా కూర్చున్నది తక్కువే. ఆమెకు నా అన్నవాళ్లంటూ ఒక అన్నయ్యే ఉన్నాడు. నెలకోసారి వాళ్లింటికి వెళ్లేది. అందరూ కలిసి బయటికి వెళ్లేటప్పుడు వదిన తాళం వేశాక, ఈవిడ వెనక్కి వెళ్లి ఆ తాళం లాగి చూసేదట. వదిన మొహం మాడ్చుకునేదట. ఈ సంగతి మాకు తనే చెప్పి నవ్వింది.

నేను రెండో సంవత్సరంలోకి వచ్చినప్పుడు కాలేజీవాళ్లు కొత్త ఏర్పాటు ఒకటి చేశారు. పెనుగాలులు, పిడుగులు వచ్చే సూచన ఉంటే అందరి ఫోన్లకూ హెచ్చరిక వస్తుంది. అలాగే ఏదైనా జరిగితే ఇంటికి కబురు చేయడానికి ప్రతి అమ్మాయీ ఇంటివాళ్ల నంబరు ఒకటి ఇవ్వాలి.

హెచ్చరికల మీద మాకు మొదటివారంలోనే నమ్మకం పోయింది. చిన్న మబ్బు పట్టినా "బయటికి రావద్దు" అని మెసేజ్ వచ్చేది, అరగంటకు ఎండ కాసేది. మమ్మల్ని గదుల్లో కూర్చోబెట్టడానికి వార్డెన్ మేడమ్ వేసిన ఎత్తు ఇది అని మేమంతా తేల్చేసుకున్నాం. ఆరాలక్కకూ నమ్మకం లేదు. "ఎవడో నాలుగు గోడల మధ్య కూర్చుని నొక్కుతాడు. వాడు తల బయట పెట్టి చూశాడా?" అనేది. ప్రతి మెసేజ్‌కీ తను వరండాలోకి వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆకాశాన్ని ఒక అయిదు నిమిషాలు నిలదీసి వచ్చేది.

నంబర్లను అసలే నమ్మలేదు. బల్ల మీది ల్యాండ్‌లైన్ ముందు పెట్టుకుని తొంభై ఆరింటికీ తనే ఫోన్ చేసింది. "నాన్న" అని రాసిన చోట స్నేహితురాలి అన్నయ్య, "అమ్మ" అని రాసిన చోట పక్క గది అమ్మాయి, ఇలా పదిహేడు దొరికాయి. పదిహేడు మందినీ వరసగా నిలబెట్టి అసలు నంబర్లు రాయించుకుంది. వాటికీ ఫోన్ చేసింది.

అందులో ఒక్కటే తేలనిది. మా గదిలో మూల మంచం అమ్మాయిది. మొదటి సంవత్సరం. మనిషి బాగా పొడుగు, అందుకే పొడుగమ్మాయి అనేవాళ్లం. ఎవరితోనూ పెద్దగా కలిసేది కాదు. ఆమె "అమ్మ" అని రాసిచ్చిన నంబరుకు చేస్తే మగగొంతు పలికింది.

"వాళ్లమ్మగారిని పిలవండి" అంది ఆరాలక్క.

"ఆమె మాట్లాడదండీ. ఏమైనా ఉంటే నాతో చెప్పండి."

"ఎందుకు మాట్లాడదు?"

"మాట్లాడదంతే. నేను చెప్తాను లెండి."

"మీరెవరు?"

"టైలర్ని."

ఆరాలక్క ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ నంబరు కేసి చూస్తూ కూర్చుంది. కన్నతల్లి కూతురి హాస్టల్ నుంచి ఫోనొస్తే మాట్లాడకపోవడమేంటి. మధ్యలో ఈ టైలరు ఎవడు. మర్నాడు మళ్లీ చేసింది, అదే గొంతు, అదే మాట. పొడుగమ్మాయిని పిలిచి అడిగితే, "అది అమ్మ నంబరే" అంది. ఇంకో ముక్క రాలలేదు.

అప్పటినుంచి ఆరాలక్క ఆ అమ్మాయి మీద కన్ను వేసింది. కన్ను వేస్తే దొరకనిదేముంటుంది. రోజూ సాయంత్రం అయిదింటికి పది నిమిషాల ముందు ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింటి వెనక్కి వెళ్తోంది. అక్కడ ఇనుప కాళ్ల మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కన మోటారు గది. మా ఆవరణలో ఫోన్ సిగ్నల్ గట్టిగా దొరికేది ఆ ట్యాంకు కిందే. స్టోరు గది కిటికీలోంచి ఆరాలక్క తొంగి చూసింది. ఫోన్‌ను ఇనుప కాలికి ఆనించి పెట్టి, ఎదురుగా నిలబడి, ఆ అమ్మాయి చేతులు తిప్పుతోంది. మధ్యమధ్య నవ్వుతోంది. నోటి వెంట ఒక్క మాట లేదు.

ఆ సాయంత్రం ఆరాలక్క నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వు బుద్ధిమంతురాలివి. ఆ పిల్ల ఏం చేస్తోందో, ఎవడితోనో కాస్త కనిపెట్టి చెప్పు."

చెప్పనని అనొచ్చు. అనలేదు. బుద్ధిమంతురాలివి అంటే పొంగిపోయాను. వారం రోజులు ఆ అమ్మాయి కదలికల మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. పెట్టెకు తాళం వేస్తుందని చెప్పాను. నిద్రపోయే ముందు దుప్పటి కింద వేళ్లు కదుపుతుందని చెప్పాను. ఉత్తరం రాయదు, ఫోన్లో గొంతెత్తి మాట్లాడదు, అద్దం ముందు నిలబడి చేతులు చూసుకుంటుందని కూడా చెప్పాను. ఆరాలక్క ఇదంతా ఒక చిన్న పుస్తకంలో రాసుకుంది. నేను అంతటితో ఆగి ఉంటే బాగుండేది. పక్క గదివాళ్లతోనూ అన్నాను. రెండు రోజుల్లో హాస్టలంతా చెవులు కొరుక్కుంది. ఎవరో పెద్ద వయసువాడని ఒకరు, పెళ్లయినవాడని ఒకరు. ఆ అమ్మాయి భోజనానికి వస్తే బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి. ఆమె మా మొహాలు ఒక్కొక్కటీ చూసి కంచం తీసుకుని చివరికి వెళ్లి కూర్చునేది. ఎవరు చెప్పారో తెలుసుకోవాలని చూస్తోందని నాకు అర్థమై, తల దించుకుని తినేదాన్ని.

ఆ వారంలోనే ఒక సెలవురోజు మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. తీవ్రమైన గాలి, పిడుగులు, వడగళ్లు, గంటలోపు. కింది అంతస్తుకు చేరండి, కిటికీలకు దూరంగా ఉండండి. మేము ఎప్పటిలా నవ్వుకున్నాం. పై అంతస్తులో ఒకమ్మాయి తల తుడుచుకుంటూ, "ఈసారి వడగళ్లు కూడా కలిపారు" అంది.

ఆరాలక్క వరండాలోకి వెళ్లింది. ఆ రోజు అయిదు నిమిషాలు పట్టలేదు. తీగ మీద ఆరేసిన బట్టలు కాస్త కూడా కదలడం లేదు. పడమటి వైపు ఆకాశం నలుపూ కాదు, ఆకుపచ్చా కాదు, దెబ్బ తగిలిన చోట కమిలిన రంగు. ఒక్క పిట్ట కూత లేదు. లోపలికి వచ్చి ల్యాండ్‌లైన్ తీసి, గంట ప్రయాణం దూరంలో పడమటి దిక్కున, తను ఇదివరకు పనిచేసిన బస్సు డిపోకు చేసింది.

"నేనే. మీ దగ్గర ఎలా ఉంది?"

అవతలి నుంచి ఏం చెప్పారో మాకు వినపడలేదు. ఆవిడ మాత్రం, "షెడ్డు రేకులా? ఎన్ని లేచిపోయాయి?" అని అడిగి, "బస్సులన్నీ ఆపేశారా" అని, రిసీవరు పెట్టేసి, మెడలో వేలాడే కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుంది.

ఆ విజిల్ ఆవిడ ఎప్పుడూ ఊదగా వినలేదు. మేము గదుల్లోంచి బయటికి వచ్చేసరికి మెట్ల మధ్యలో నిలబడి ఉంది. "పరుపులు తీసుకుని కింది నడవలోకి. కిటికీ ఉన్న చోట ఎవరూ ఉండకూడదు. ప్లగ్గుల్లోంచి అన్నీ పీకేయండి. ఇక నుంచి కుళాయి ముట్టుకోవద్దు. ఇళ్లకి ఫోన్లు చేస్తూ కూర్చోకండి, లైన్లు మూసుకుపోతాయి. 'బాగున్నాను, మళ్లీ చెప్తాను' అని మెసేజ్ పెట్టి ఫోన్ లోపల పెట్టుకోండి."

ఎవరో గునిశారు. ఆరాలక్క ఆ గొంతు వచ్చిన వైపు చూసింది, అంతే. పరుపులు దించి, నడవలో రెండు వరసలుగా గోడకు ఆనుకుని కూర్చునేసరికి అయిదు కావచ్చింది. ఆవిడ రిజిస్టరు పట్టుకుని మా తలలు తాకుతూ లెక్క పెట్టింది. సెలవైనా ఇరవై అయిదుగురు కాలేజీ లైబ్రరీకి వెళ్లినట్టు సంతకాలున్నాయి. వాళ్లను వార్డెన్ మేడమ్ అక్కడే సెల్లారులో కూర్చోబెట్టినట్టు అప్పుడే ఫోన్ చేసి కనుక్కుంది. ఇక్కడ డెబ్భై ఒక్కరు ఉండాలి.

డెబ్భై మంది ఉన్నాం.

మళ్లీ లెక్క పెట్టింది. అప్పటికే ఎక్కడో తలుపు దభాలున కొట్టుకుంది. నేను నా పక్కన ఖాళీ చూసి, "మూల మంచం" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆవిడకు వినపడింది.

"వెళ్లిపోయింది" అంది ఆరాలక్క. "గాలివాన సందట్లో ఎవరూ చూడరని వాడితో వెళ్లిపోయింది." అలా అంటూనే బల్ల దగ్గరికి పరిగెత్తి ఆ టైలర్ నంబరు తిప్పింది. ఉరుము ఇంకా దూరంగానే ఉంది. నేను వెనకే వెళ్లాను.

"పిల్ల ఎక్కడుంది?" అంది పలకరింపు లేకుండా.

అవతలి మనిషి గొంతు కంగారుగా, పెద్దగా ఉంది. నాకూ వినపడింది. "నేనే మీకు చేద్దామనుకుంటున్నా మేడమ్. ఇప్పటిదాకా తల్లీకూతుళ్లు వీడియోలో మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోయింది. ఈవిడ ఇక్కడ ఒకటే ఏడుపు."

"ఆవిడ మాట్లాడదన్నావుగా?"

"మాట్లాడదు మేడమ్. పుట్టుచెవుడు. చేతుల్తోనే మాట. మా కొట్లో కాజాలు కుడుతుంది. ఈ ఫోను నాది. రోజూ ఈ టైముకి ఇస్తాను, కూతుర్ని చూసుకుంటుంది. మొదటి రోజే చెప్పానుగా మీకు."

 ఆరాలక్క మొహంలో రంగు దిగిపోవడం చూశాను. అయినా పాత అలవాటు ఊరుకోలేదు. "ఆవిడ పక్కనే ఉంటే బల్ల మీద మూడుసార్లు కొట్టమను" అంది.

అతను ఆమెకు సైగ చేసి ఉంటాడు. తర్వాత చెక్క మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు. ఆ వెనకే ఇంకా చాలా, ఆగకుండా.

రిసీవరు పెట్టేసింది. విజిల్ తీసి నా మెడలో వేసింది, రిజిస్టరు చేతికిచ్చింది. "పది నిమిషాలకోసారి లెక్క పెట్టు. ఎవరైనా కిటికీ దగ్గరికి వెళ్తే ఊదు. నువ్వు గుమ్మం దాటావో, కాళ్లు విరగ్గొడతా." స్నానాల గది నుంచి ప్లాస్టిక్ బకెట్ ఒకటి తెచ్చి తల మీద బోర్లించుకుని, వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఆ అరిగిన మోకాలితో ఆవిడ పరిగెత్తగలదని నేను అనుకోలేదు.

ఆ తర్వాత సంగతి నాకు ఇద్దరూ విడివిడిగా చెప్పారు. రెండూ అన్ని చోట్లా కలవవు. కలిసినంత వరకు చెప్తాను.

వడగళ్లు అప్పటికే మొదలయ్యాయి. పొడుగమ్మాయి ట్యాంకు కింద ఇనుప కాలిని ఆనుకుని ముడుచుకుని, సిగ్నల్ తిరిగొస్తుందేమోనని ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉంది. బకెట్ కింద ఆరాలక్క మొహం కనపడగానే ఫోన్ చొక్కా లోపల దాచేసింది. ఈవిడ తనను పట్టుకోవడానికే వచ్చిందనుకుంది. రమ్మని ఆరాలక్క అరుస్తోంది, ఆ గాలిలో పక్కనున్నా వినపడదు. చెయ్యి పట్టి లాగితే ఆ అమ్మాయి ఇనుప కాలిని రెండు చేతులా చుట్టేసింది.

ఆరాలక్క లాగడం ఆపింది. ఆ అమ్మాయి ముందు గొంతుక్కూర్చుంది. రెండు వేళ్లు కలిపి, సూదిలో దారం ఎక్కించినట్టు, గుడ్డ మీద కుట్టు వేసినట్టు చూపించింది. తర్వాత ఆ అమ్మాయి గుండె మీద వేలు పెట్టి, కళ్లు తుడుచుకున్నట్టు చేసింది. అది సరైన సైగ కాదట. కానీ అమ్మ ఏడుస్తోందని అర్థమైంది. ఆ అమ్మాయి చేతులు వదిలేసింది.

మోటారు గది అక్కడికి పది అడుగుల దూరమే. పైన కాంక్రీటు కప్పు. తలుపు లాక్కుని గడియ పెట్టారు. మోటారుకూ పైపులకూ దూరంగా, చెక్క పలక మీద ఇద్దరూ కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నారు. కాసేపటికి బయట పెద్ద శబ్దం. ట్యాంకు ఒరిగి పడిపోయింది. అందులోని నీళ్లన్నీ తలుపు కింద నుంచి వచ్చి వాళ్ల పాదాలు తడిపాయి. ఇద్దరూ ఆ నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు.

"మీ పుస్తకంలో నా గురించి రాశారంట" అంది ఆ అమ్మాయి.

"రాశాను."

"ఏమని?"

ఆరాలక్క జేబులోంచి తడిసిన పుస్తకం తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో చదివింది. 'నాలుగు యాభై. ట్యాంకు దగ్గర. చేతులు ఊపుతోంది. నవ్వుతోంది. ఎవడో ఉన్నాడు.'

"చెప్పొచ్చుగా" అంది ఆరాలక్క.

"చెప్తే నమ్ముతారా?"

"నమ్మను. ఫోన్ చేసి కనుక్కుంటాను."

"చేశారుగా. కనుక్కున్నారా?"

 ఆ అమ్మాయే చెప్పింది. స్కూల్లో ఉన్నప్పుడు అమ్మ వస్తే పిల్లలు ఆమె చేతులు చూసి అనుకరించేవాళ్లట. అందుకే ఇక్కడ ఎవరికీ తెలియనివ్వకూడదనుకుంది. ఆ తర్వాత, "మీరెందుకు ఎవర్నీ నమ్మరు?" అని అడిగింది.

"ఒకరోజు నమ్మాను. పెద్ద వాన. బస్సు కిక్కిరిసి ఉంది. వెనక నుంచి ఎవరో, అందరూ ఎక్కేశారు, పోనివ్వండి అన్నారు. నేను వెనక్కి వెళ్లి చూడలేదు. విజిల్ ఊదాను. ఒకావిడ ఒక కాలే మెట్టు మీద పెట్టింది." ఆరాలక్క తడిసిన పుస్తకం వెనక్కి తీసుకుంది. "బతికింది. కానీ నడవదు. అప్పటినుంచి నేను లెక్క పెట్టందే..." అని చెయ్యి తిప్పి ఊరుకుంది.

ఇక్కడ నడవలో నేను లెక్క పెడుతూనే ఉన్నాను. డెబ్భై. పది నిమిషాలకు మళ్లీ డెబ్భై. పై అంతస్తులో అద్దాలు పగులుతుంటే అందరూ తలలు మోకాళ్ల మధ్య దాచుకున్నారు. మధ్యలో పక్క గదమ్మాయి నా చెవి దగ్గర, "ఆ పిల్ల గురించి ఆవిడకి చెప్పింది నువ్వేగా" అంది. నేను కాదనలేదు. ఆమె కాస్త పక్కకు జరిగింది. నిజం చెప్పాలంటే అందరూ జరిగినట్టే అనిపించింది.

ఆఖరి ఉరుము ఆగాక కూడా వాళ్లిద్దరూ రాలేదు. ఉరుము వినపడనంత మాత్రాన పిడుగు పోయినట్టు కాదని, గడియారం చూసి ఇంకో అరగంట ఆ గదిలోనే కూర్చోబెట్టిందట ఆరాలక్క. ఆ అరగంట నాకు అన్నిటికన్నా పొడుగైంది. వెనక తలుపు తెరుచుకునేసరికి బకెట్ ఆ అమ్మాయి తల మీద ఉంది. ఆరాలక్క నుదుటి మీద వడగల్లు తగిలి బొప్పి కట్టింది. రిజిస్టరు నా చేతిలోంచి లాక్కుని, నా మాట నమ్మకుండా, మొదటి నుంచి లెక్క పెట్టింది. డెబ్భై ఒకటి.

పైకి వెళ్లి చూస్తే నా మంచం నిండా గాజు పెంకులు. మెసేజ్ చూసి నవ్వుకున్నది ఆ మంచం మీద కూర్చునే.

ఫోన్ టవరు రెండు రోజులు లేవలేదు, ల్యాండ్‌లైన్ కూడా పోయింది. మర్నాడు పొద్దున్నే బస్సులు మొదలవగానే ఆరాలక్క నంబర్ల జాబితా తిరగరాసి, 'అందరూ క్షేమం, ఫోన్లు పని చేయట్లేదు' అని పైన రాసి, దారిన పోయే బస్సు ఆపి కండక్టరు చేతికిచ్చింది. సిగ్నల్ ఉన్న ఊరికి చేరాక అక్కడి డిపోలో ఇద్దరు కూర్చుని సాయంత్రం దాకా తొంభై ఆరు ఇళ్లకూ ఫోన్లు చేశారు. ప్రతి ఫోనూ ఇంటికే వెళ్లింది.

ఒక్క ఇంట్లో మాత్రం ఆ కబురు నమ్మలేదు. మూడో రోజు పొడుగమ్మాయి వాళ్లమ్మ బస్సు దిగింది. కూతురికన్నా పొడుగు. ముందు కూతురి తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. తర్వాత మా గది కిటికీ గడియలు లాగి చూసింది. వెనక్కి వెళ్లి పడిపోయిన ట్యాంకు చుట్టూ తిరిగింది, మోటారు గది తలుపు రెండుసార్లు వేసి తీసింది. చివరికి బల్ల ముందుకు వచ్చి నిలబడి చేతులతో అడగడం మొదలుపెట్టింది. కూతురు మాటల్లోకి మార్చి చెప్పింది. ఆ టైముకి మీరెక్కడున్నారు. పిల్ల లేదని ఎప్పుడు తెలిసింది. తెలిశాక ఎంతసేపటికి బయటికి వెళ్లారు.

ఆరాలక్క లేచి నిలబడి ఒక్కోదానికీ జవాబు చెప్పింది. ఫోన్లో బల్ల కొట్టించిన సంగతి, అందులో పోయిన సమయంతో సహా దాచలేదు. మధ్యలో నా వైపు వంగి, "ఈ పిల్ల నేనన్నదంతా చెప్తోందా, సగం మింగేస్తోందా?" అంది. అదే సమయానికి ఆ తల్లి కూతురి మోచెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. పొడుగమ్మాయి నవ్వేసింది. హాస్టల్లో ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"అమ్మ కూడా అదే అడుగుతోంది" అంది.

ఆ నవ్వు తగ్గాక, వాళ్లమ్మ పక్కన ఉండగానే పొడుగమ్మాయికి, పుస్తకంలోకి ఎక్కిన మాటల్లో సగం నావేనని చెప్పేశాను. ఆ అమ్మాయి "నాకు తెలుసు" అంది.  మేము స్నేహితులం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

నెల తిరగకుండా ఆరాలక్క వార్డెన్ మేడమ్ వెంటపడి ఇంటర్నెట్ పెట్టె ఒకటి వెనక వరండాలో, కప్పు కింద బిగింపించింది. ఇక ట్యాంకు దాకా వెళ్లే పని లేకపోయింది. అయిదింటికి పది నిమిషాల ముందు పొడుగమ్మాయి అక్కడ ఫోన్ ఆనించుకుని నిలబడేది. ఆ మాటలు మాలో ఎవరికీ అర్థం కావు, చూసినా తెలిసేదేమీ లేదు. అయినా ఆ సమయంలో ఆరాలక్క వరండాకు వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి కూర్చునేది. అటుగా మేమెవరమైనా వెళ్తే మమ్మల్నీ తిరగమనేది.